చల్లటి ఇస్త్రీ పెట్టె

ఆ దర్జీ దుకాణం మేడ మీది ఇస్త్రీ గదికి మంచి పేరు లేదు. వెనకటికి అక్కడ ఇస్త్రీ చేసే ముసలాయన ఉండేవాడట. చల్లటి పెట్టె పట్టుకుని, "కాలిపోతోంది... గుడ్డ కాలిపోతోంది!" అని కేకలు పెట్టేవాడట. దెయ్యం పట్టిందన్నారు. ఓ రాత్రి ఆ గదిలోనే పెట్టి బయట గడియ వేశారు. తెల్లారి తలుపు తీసేసరికి చచ్చిపోయి ఉన్నాడు.

అప్పట్నించీ ఆ మెట్ల మీద గుడ్డ కాలే వాసన వస్తుందని చెప్పుకుంటారు.

కటింగ్ మాస్టారికి ఈ కబుర్లంటే నవ్వులాట. ఆ దుకాణంలో ఒక అలవాటుంది — ఆఖరున వెళ్ళేవాళ్ళు వేలు తడిచేసి ప్రతి ఇస్త్రీ పెట్టెనీ తాకి చూడాలి. ఆ రాత్రి మాస్టారి వంతు.

మెట్ల మీదే వాసన గుప్పుమంది. పరుగున పోయి పెట్టె తాకాడు... చల్లగా ఉంది. ప్లగ్గు పీకేసే ఉంది!

"మాస్టారూ... కాలిపోతోంది..."

చెవి వెనకే ఎవరో గొణిగారు. తిరిగి చూస్తే ఎవరూ లేరు. కడుపులోంచి భయం తన్నుకొచ్చింది. మెట్లు ఎలా దిగాడో ఆయనకే తెలీదు.

ఇక ఆ మేడ ఎక్కలేదు. అయినా... వాసన ఇంటికే వచ్చేసింది. కంచం దగ్గరా అదే, పక్క మీదా అదే. భార్య మీద ఈగ వాలనివ్వని మనిషి, ఓ సాయంత్రం ఆమె మీదే చెయ్యెత్తాడు.

దుకాణం యజమాని వచ్చి చూశాడు. గొంతు తగ్గించి, "ముసలాడే పట్టాడమ్మా. ఈ రాత్రికి గదిలో పెట్టి గడియ వెయ్యి," అన్నాడు.

 ఆమె తలుపుకి అడ్డంగా నిలబడింది.

"వెయ్యనన్నయ్యా. పక్కనే పడుకున్న నాకు ఆ వాసన రాదేం? ఆసుపత్రికి తీసుకెళ్తాను."

డాక్టరమ్మ తల స్కానింగ్ తీయించింది. మెదడులో, కుడి చెవికి లోపలగా, నిమ్మకాయంత గడ్డ!

"లేని వాసన, లేని గొంతు, ఆ భయం, ఆ కోపం... అన్నీ దీని పనే," అంది.

గడ్డ తీశారు. వాసన పోయింది.

గుండు మీద జుట్టు మొలిచాక మాస్టారు పనిలోకి వచ్చాడు. అందరూ వెళ్ళాక, గుండె దిటవు చేసుకుని ఒక్కడే మేడెక్కాడు. వేలు తడిచేసి పెట్టె తాకాడు. చల్లగా ఉంది. కొత్త గుడ్డ వాసన తప్ప ఇంకేం లేదు. హమ్మయ్య అనుకుని తలుపు వేయబోయాడు...

తలుపు లోపలి వైపు, బయటి గడియకి సరిగ్గా వెనక, చెక్క మీద గోళ్ళతో గీరిన గీతలు.

మాస్టారు ఆ గీతల మీద వేలు పెట్టి చూశాడు. 

"తాతా..." అన్నాడు. "నీకూ గడ్డేనా?"

 మాస్టారు కిందికి వెళ్ళి స్క్రూడ్రైవర్ తెచ్చి, ఆ రాత్రే గడియ ఊడబీకాడు.