పత్రికలో అంతోని పేరు

గుడిలో ఫాదర్ చేసే ఆదివారం పూజ ముగించుకుని వచ్చేసరికి వన్ టౌన్ సందులో తోపుడుబళ్ళు గోడవారకు చేరి ఉన్నాయి. అమలమ్మ చీరైనా మార్చుకోకుండా కోడికూర పొయ్యి మీద పెట్టింది. భర్త కొండపల్లిలో డ్యూటీకి వెళ్ళాడు. ఇంట్లో ఉన్నది ఆమె, మామ శౌరయ్య, అత్త తెరేసమ్మ.

ఆ రోజు నవంబరు పదకొండు. శౌరయ్యకు క్రిస్మస్ ఎంతో అదీ అంతే. ఒకప్పుడు తెల్లవాళ్ళ సైన్యంలో వంటవాడిగా బర్మా వెళ్ళొచ్చిన మనిషి. అప్పటి దొర ఒకాయన ఏటా లండన్ నుంచి ఒక బొమ్మల పత్రిక, ఒక ఎర్ర కాగితం పువ్వు పంపుతాడు. అక్కడ ఈ రోజుల్లో ఆ పువ్వు చొక్కాకి పెట్టుకుని, యుద్ధంలో పోయినవాళ్ళ కోసం దేశమంతా మౌనంగా నిలబడుతుందట. ఇక్కడ శౌరయ్య ఇల్లూ నిలబడాల్సిందే, పొయ్యి మీద కూర మాడినా సరే.

ఆ మౌనంలో ఆయన చూపు గుమ్మం మీదే ఉంటుంది. అక్కడ ఎవరో లోపలికి రావడానికి మొహమాటపడుతున్నట్టు, "రా, కూర్చో" అని గొణుగుతాడు. తెరేసమ్మ సిలువ గుర్తు వేసుకుంటుంది.

తర్వాత, బళ్ళో టీచరయిన కోడలు ఆ ఇంగ్లీషు పత్రికను తెలుగులో చదివి వినిపించాలి. ఆ ఏడూ శౌరయ్య కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"జాతంటే అదమ్మాయ్. పోయినవాళ్ళని మోసుకుంటూ బతుకుతారు. మనవాళ్ళో, సమాధి మీద మట్టి ఆరకముందే మర్చిపోతారు."

ఆ మాట అమలమ్మకు తగిలింది. ఒక్కగానొక్క తమ్ముడు జక్కయ్య బంగ్లాదేశ్ యుద్ధానికి వెళ్ళి తిరిగి రాలేదు. టెలిగ్రాం వచ్చింది గానీ శవం రాలేదు. వాడి ఫోటో దండేసి గోడకు పెడతానంటే మామగారు వద్దన్నారు. అది ఆమె ట్రంకుపెట్టెలో చీరల కింద ఉంది.

"మరి మా తమ్ముడి ఫోటో ఎందుకు పెట్టనివ్వరండీ? వాడు యుద్ధంలో పోలేదా?"

"ఇప్పుడా మాట దేనికి? చదువు."

"ఊరుకో అమ్మాయ్," అంది తెరేసమ్మ.

అమలమ్మ పత్రిక తీసింది. కోపంగా పేజీలు తిప్పింది.

"'ఆ చీకటి రోజుల్లో మనం ఒక్కళ్ళమే నిలబడ్డాం. ఈ చిన్న ద్వీపం ఒంటరిగా పోరాడింది. మనమంటే అదీ.' ఇంతే ఉందండీ. ఏటా ఇంతే ఉంటుంది. మనవాళ్ళ ఊసే లేదు. అంతోని, ఇస్సాక్ పేర్లు నేనే కలిపి చదివేదాన్ని."

అనేశాక నాలుక కొరుక్కుంది. శౌరయ్య చొక్కాకున్న పువ్వు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"తెలుసమ్మా."

"తెలుసా?"

"ఆ పేర్లు నేను మెలకువలో ఎవరికీ చెప్పలేదు. నిద్రలో కలవరిస్తానని మీ అత్త పోరు పెడుతుంది. ఆ కలవరింత నువ్వు వినుంటావు, లండన్‌వాళ్ళకెట్లా వినపడుద్ది? బర్మాలో నా తోటి వంటవాళ్ళు వాళ్ళు. జొరంతో పోతే దారి పక్కనే పూడ్చాం, గుర్తన్నా పెట్టలేదు. దొరలు తలుచుకునే తీరు చూసి ఆశపడ్డాను. ఏడాదికోసారి నీ నోట వాళ్ళ పేర్లు వింటే, మనవాళ్ళకీ ఓ దిక్కుందనిపించేది."

అమలమ్మకు ఏడుపు ఆగలేదు. "మరి జక్కయ్య ఏం పాపం చేశాడండీ?"

"నేనూ పోయాననుకున్నారమ్మా. మా అమ్మ నా ఫోటోకి దండేసింది. బతికి గుమ్మంలోకొస్తే, నన్ను చూసి దెయ్యమనుకుని తలుపేసింది." ఆయన ఒళ్ళోని పువ్వు రేకులు సరిచేశాడు. "అది చూసినోణ్ణి, మీ తమ్ముడికి దండెయ్యమని ఎట్లా చెప్పను? వాడూ వస్తాడేమోనని రోజూ గుమ్మంకేసి చూస్తున్నాను."

అమలమ్మ నిలువునా కదిలిపోయింది. తను ఎప్పుడో ఆశ వదిలేసుకుంది. ఆ ఇంట్లో తమ్ముడి కోసం ఇంకా ఎదురుచూస్తున్నది, తను ఇన్నాళ్ళూ రాతిమనిషి అనుకున్న ఈయనొక్కడే.

"ఫోటో తే తల్లీ. దండ మాత్రం వద్దు."

శౌరయ్యే స్వయంగా దాన్ని గుమ్మానికెదురుగా మేకుకు తగిలించాడు. ముగ్గురూ నిలబడ్డారు.

"ఇప్పుడు చదువు. ఎప్పట్లాగే."

"ఆ చీకటి రోజుల్లో మనం ఒక్కళ్ళమే కాదు," అని చదివింది అమలమ్మ. "అంతోని ఉన్నాడు. ఇస్సాక్ ఉన్నాడు..." ఆపైన తమ్ముడి ఫోటో వైపు చూసింది.

"జక్కయ్య ఇంకా రావాలి," అన్నాడు శౌరయ్య.

తెరేసమ్మ వెళ్ళి, ఓరగా వేసి ఉన్న వీధి తలుపు బార్లా తీసింది.