నొప్పిని నమ్మిన శత్రువు

"నెలనెలా గిదే లొల్లి! నేనెన్నడన్న గిట్ల మంచం పట్టిన్నా?" బాలనర్సమ్మ కోడలిని వదలడం లేదు.

"జర ఓర్చుకో రాధా," అన్నాడు ఆమె భర్త జగపతి పేపర్లోంచి తలెత్తకుండా.

"ఏండ్ల నుంచి ఓర్చుకుంటనే ఉన్న. పెద్ద దవాఖానకు తీస్కపో అంటున్న."

"ఒక పిల్లో పిలగాడో పుడితే అదే పోతది," అంది అత్త.

బయట జీపు హారన్ మోగింది. జనగామ సర్వే ఆఫీసులో క్లర్కు అని ఇంట్లో అనుకునే రాధ, నిజానికి ఇంటెలిజెన్స్ ఏజెంట్.

"భూపాలపల్లి ఖనిజాల మ్యాపులు మైక్రోఫిల్మ్‌లో విదేశీ ముఠాకు పోతున్నాయి," అన్నాడు జీపులో ఉన్న చీఫ్. "కొరియర్ మహబూబాబాద్‌లో మద్రాసు రైలెక్కుతుంది. ఏంటా మొహం?"

"కడుపునొప్పి సార్."

"మళ్లీ లేడీస్ ప్రాబ్లమా? చేతకాకపోతే టైపింగ్ సెక్షన్‌కు పో."

రాధ జీపెక్కింది.

గాజులమ్మే వేషంలో మహబూబాబాద్ స్టేషన్ వెయిటింగ్ రూమ్‌లో అడుగుపెట్టింది. బెంచీ మీద ఒకామె: నల్లకళ్లద్దాలు, చేతిలో లిప్‌స్టిక్, పొట్ట మీద వేడినీళ్ల బ్యాగు. రాధ గుర్తుపట్టింది, తమ డిపార్ట్‌మెంట్ డాక్టర్ ప్రమీల! గుమ్మంలో నిలబడ్డ మఫ్టీ కానిస్టేబుల్ బ్యాగు చూడబోయి, "ఆడోళ్ల నొప్పి," అని ఆమె అనగానే సిగ్గుపడి తప్పుకున్నాడు.

ప్రమీల కాలు మీద కాలేసుకుని నిటారుగా కూర్చుంది. ఆ నొప్పిలో ఎవరూ అలా కూర్చోలేరు. రాధ బ్యాగు లాక్కుంది. చల్లగా ఉంది. చుక్క నీరు లేదు. లోపల మైక్రోఫిల్మ్!

ప్రమీల లిప్‌స్టిక్ ఆకారపు పిస్టల్ గురిపెట్టింది. రాధ గాజుల గంప విసిరింది. తూటా గోడలో దిగింది. రైలు కూత వేసేలోపు ప్రమీల చేతులకు బేడీలు పడ్డాయి. మరుక్షణం రాధ నొప్పితో నేలకు ఒరిగింది.

"నువ్వు నటిస్తలేవు," అంది ప్రమీల. "ఎన్నేండ్ల సంది? గడ్డ తగుల్తుందా?"

"ఎడమదిక్కు."

"ఎండోమెట్రియోసిస్ కావచ్చు. గర్భసంచి లోపలి పొర బయట పెరుగుతది. అరుదుగ అండాశయంలో క్లియర్ సెల్ క్యాన్సర్‌కు దారి తీస్తది. ఆగకు. హైదరాబాద్ పో."

ఇన్నేళ్లలో ఆ ప్రశ్నలు అడిగింది ఒక్క దేశద్రోహే. రాధకు ఒళ్లు మండిపోయింది, ప్రమీల మీద కాదు.

హైదరాబాద్ డాక్టర్లదీ అదే క్యాన్సర్ అనుమానం. వారం తర్వాత, అందరూ అన్నానికి కూర్చున్నప్పుడు రాధ గొంతు పెంచకుండా చెప్పింది.

"సోమవారం ఆపరేషన్. గర్భసంచి, అండాశయాలు తీసేస్తరు. సంతకం నేనే చేసిన."

జగపతి ఈసారి తలెత్తి చూశాడు.

"మమ్ముల అడగకుండనేనా?" అంది బాలనర్సమ్మ.

"ఏండ్లకేండ్లు అడిగిన అత్తమ్మా. ఇప్పుడు చెప్తున్న."