మూయకూడని గేటు

"గేటు మూయడం కూడా రాదా మీకు?"

ఆమె అతనితో అన్న మొదటి మాట అదే. అప్పుడు ఆమె చేతిలో ఒక దూడ మెడతాడు ఉంది, చెప్పుల నిండా బురద ఉంది. అతను పటం గీయడానికి ఆ పొలానికి వచ్చిన మొదటి రోజు. దిక్సూచి చూసుకుంటూ నడుస్తూ, దాటిన గేటు తెరిచే వదిలేశాడు. ఆవులన్నీ మొక్కజొన్నలో పడ్డాయి.

ఆమె ఆ రైతు కూతురు, పశువుల డాక్టరు. అతను ఓరియెంటీరింగ్ క్లబ్బు మనిషి. పొలాల్లో అక్కడక్కడా జెండాలు పెడతారు. పటమూ దిక్సూచీ పట్టుకుని వాటిని వెతుక్కుంటూ పరిగెత్తాలి. అన్నీ చూసి ముందుగా తిరిగొచ్చినవాళ్ళదే గెలుపు. అతను ఇదంతా వివరిస్తే రైతు చాలాసేపు విని, శుభ్రమైన బాట ఉండగా దారి తప్పడానికి పోటీ ఎందుకయ్యా అన్నాడు. చివరికి కూతురు నచ్చజెబితే ఒప్పుకున్నాడు.

పటం త్వరగానే పూర్తయింది. అతను మాత్రం ఆదివారం ఆదివారం వస్తూనే ఉన్నాడు. ఏం పని అంటే, ఆవులు నీళ్ళు తాగే కుంట కొలవాలి అనేవాడు.

"కుంటేమైనా పెరుగుతోందా దిక్సూచి గారూ?"

"అంచులు మారుతున్నాయండీ."

"ఎండాకాలం కదా, ఎండిపోతోంది. దానికి టేపు ఎందుకు, కళ్ళు చాలు."

అతని ముఖం ఎర్రబడింది. అందుకూ ఎండనే అడ్డం పెట్టుకున్నాడు.

పోటీకి ముందురోజు సాయంత్రం అతను ధైర్యం చేసి నోరు తెరిచాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"రేపు కానివ్వండి. నాన్న నా మాట మీద ఒప్పుకున్నారు. పశువుకి ఏదైనా అయితే మీరింక ఈ గట్టు తొక్కలేరు, నేనూ అడ్డం రాలేను. అంతా బాగా జరిగితే, చెప్పాలనుకున్నది సాయంత్రం చెప్పండి."

తెల్లవారుతుండగా అతనే స్వయంగా జెండాలు పెట్టాడు. పైన పచ్చిక బయల్లో, కుంట వైపు దిగే గేటు బార్లా తెరిచి కనిపించింది. ఆవులు దూరంగా మేస్తున్నాయి. మొదటిరోజు తిట్లు గుర్తొచ్చాయి. గేటు మూశాడు, గడియ పెట్టాడు, అది చాలదన్నట్టు తాడుతో బిగించి కట్టాడు. ఆమె చూస్తే ఎంత బాగుండేదో అనుకుంటూ దిగి వచ్చాడు.

పొద్దెక్కేసరికి ఎండ నెత్తిన కూర్చుంది. పరిగెత్తుతున్నవాళ్ళు కమిలిన ముఖాలతో ఒక్కొక్కరే జెండాలు దాటుతున్నారు. అప్పుడు ఆమె గబగబా వచ్చింది, వెనకే తండ్రి. రోజూ ఈపాటికి ఆవులు తెరిచి ఉంచిన పై గేటులోంచి వాటంతటవే కుంటకు దిగాలి. ఇవాళ ఒక్కటీ రాలేదు. పై గేటు మీవాళ్ళెవరో మూసుంటారని, పోటీ ఆపి అందర్నీ బయటికి పంపమని రైతు గట్టిగా అన్నాడు.

తెల్లవారి తను బిగించి కట్టిన తాడు అతనికి గుర్తొచ్చింది. ఇంతమంది పరిగెత్తుతున్నారు, ఎవరని తెలుస్తుంది? ఊరుకుంటే సరిపోతుంది. ముందు ఆవుల్ని చూద్దాం, పోటీ సంగతి తర్వాత అంది ఆమె.

రైతు ట్రాక్టరు తీయడానికి వెళ్ళాడు. అది పొలమంతా చుట్టి పోవాలి.

"మొక్కజొన్నలోంచి పోతే దగ్గర," అన్నాడు అతను.

"తల మించి పెరిగింది. అందులో దూరితే నేనే తిరిగి తిరిగి దూరినచోటే తేలతాను. పైగా మీ పటంలో అక్కడికి పోకూడదని గీతలు కొట్టారు."

"కొట్టింది నేనే కదా. రండి."

లోపల గాలి ఆడటం లేదు. ఆకులు చేతులు కోస్తున్నాయి. అతను దిక్సూచి ముల్లు మీంచి చూపు తిప్పలేదు. వెనక ఆమె అతని సంచి పట్టీ పట్టుకుని నడుస్తోంది. ముఖం చూడనక్కర్లేని చోటు అదొక్కటే అనిపించింది అతనికి.

"డాక్టర్ గారూ. గేటు మూసింది నేను."

పట్టీ వదులైంది. అతనూ ఆగిపోయాడు. వెనక్కి తిరగలేదు.

"ఎందుకు?"

"తెరిచి ఉంది. మీరు తిడతారని."

కాసేపటికి పట్టీ మళ్ళీ బిగుసుకుంది.

"నడవండి. తర్వాత తిడతాను."

గేటు దగ్గర ఆవులు ఒకదానిమీదొకటి పడుతూ, నాలుకలు వేలాడేసి నిలబడ్డాయి. నుదుట తెల్లమచ్చ ఉన్న చూడి ఆవు కూలబడిపోయింది. అతను వేసిన ముడి అతనికే లొంగడం లేదు. ఎంత బాగా కట్టారండీ అంది ఆమె పళ్ళబిగువున. తాడు ఊడగానే మంద కుంటకు పరుగు తీసింది. మచ్చావు లేవలేదు.

ఆమె దాని పొట్టకు చెవి ఆనించి విని, నీళ్ళు ఇక్కడికే కావాలంది. అతను ఈల ఊదాడు. పరుగులో ఉన్నవాళ్ళు అటు తిరిగారు. అందరికంటే ముందున్న అమ్మాయికి చివరి జెండా కనిపిస్తూనే ఉంది, అయినా వెనక్కి వచ్చి తన సీసా ఆవు మెడ మీద వంచింది. పందెంవాళ్ళ కోసం దగ్గర్లో పెట్టిన నీళ్ళ డ్రమ్ములు దొర్లించుకొచ్చారు, అక్కడి టార్పాలిన్ విప్పి తెచ్చి నీడ పట్టారు. ఆమె తడుపుతూ, కొద్దికొద్దిగా తాగిస్తూ, దూడ కదలిక కోసం చెయ్యి ఆనించి కూర్చుంది.

"కదిలింది," అంది చివరికి.

ట్రాక్టరు వచ్చేసరికి ఆవు వణుకుతూనే లేచి నిలబడింది. అతను రైతుకు ఎదురెళ్ళాడు.

"గేటు మూసింది నేనండీ. వీళ్ళలో ఎవరూ కాదు."

రైతు అతన్ని కిందినుంచి పైకి చూశాడు. "తెరిచి పారేసి పోయేవాళ్ళని శానామందిని చూశాను. మూసి కొంప ముంచినవాణ్ణి నిన్నే చూస్తున్నా." కూతురి వైపు తిరిగాడు. "నీ మాట మీద ఒప్పుకున్నాను. ఇప్పుడేమంటావు?"

ఆమె చేతులు కడుక్కుంటూ తల ఎత్తలేదు. "అబద్ధం చెప్పే వీలుండి కూడా చెప్పలేదు నాన్నా. మిగతావి నేర్పుకోవచ్చు."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"కుంట కొలవడానికే ఇన్నాళ్ళు పట్టింది ఆయనకి."

రైతు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. నవ్వు కూడా దాంతోపాటే తుడుచుకున్నాడు. భోజనం చేసి వెళ్ళమని చెప్పు అని ట్రాక్టరెక్కాడు.

సాయంత్రం జెండాలన్నీ ఏరుకుని అతను దిగి వచ్చేసరికి ఆమె కుంట గట్టు మీద ఉంది.

"ఏదో చెప్పాలన్నారు."

"కుంట అంచులు ఏమీ మారలేదండీ. మొదటిరోజే సరిగ్గా గీశాను."

"తెలుసు. మీ పటం చూశాను," అంది. "తిట్లు ఇంకా బాకీ ఉన్నాయి. వచ్చే ఆదివారం రండి."

వెళ్తూ వెళ్తూ అతను ఇంటి గేటు మీద చెయ్యి వేసి ఆగాడు. మూయాలా వద్దా అన్నట్టు వెనక్కి చూశాడు. ఆమె అప్పటికే నవ్వుతూ అటే వస్తోంది, తనే మూసుకోవడానికి.