దాటేసిన అధ్యాయం

ఎఫీ పొయ్యి మీది ఓట్స్ జావ దించేసరికే ఆమె భర్త టోర్కిల్ కళ్లజోడు తుడుచుకుని, పరిశుద్ధ గ్రంథం ముందేసుకుని కూర్చున్నాడు. లూయిస్ దీవిలోని ఆ ఇంట్లో తాతల నాటి పద్ధతి అది. పొద్దున్నే ఒక అధ్యాయం, వరుస తప్పకుండా చదవాలి. నోరు తిరగని పేర్లు పుటల కొద్దీ వచ్చినా దాటేయకూడదు. చిన్నప్పుడు ఆ పేర్లు వింటూ కొడుకు నీల్ కిసుక్కుమంటే, టోర్కిల్ చదువు ఆపకుండానే వాడి చెవి పట్టుకునేవాడు. చదవడం అయ్యేదాకా చెంచా ముట్టడానికి లేదు.

ఇప్పుడా బల్ల దగ్గర ఇద్దరే మిగిలారు. కిందటి శీతాకాలంలో నీల్ పోయాడు. ఇరవై రెండేళ్ల పిల్లాడు, నెత్తురు జబ్బు. చర్చి సంఘమంతా మోకరించి ప్రార్థించింది. అయినా పోయాడు.

ఎఫీ ఈ ఉదయం కోసమే కాచుకుని ఉంది. రాజుల కథలు, వాళ్ల యుద్ధాలు, అన్నీ ఓపిగ్గా విన్నది. ఇవాళ్టి అధ్యాయంలో ఒక తల్లి ఒళ్లో ఒక్కగానొక్క కొడుకు చనిపోతాడు. ఆమె వాణ్ని మంచం మీద పడుకోబెట్టి ప్రవక్త దగ్గరికి పరుగెత్తుతుంది. దారిలో అంతా క్షేమమేనా అని అడిగితే, క్షేమమే అంటుంది. ఆ అబద్ధం ఎందుకు చెప్పిందో ఎఫీకి బాగా తెలుసు.

టోర్కిల్ గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. కుష్ఠు సోకిన సేనాపతి కథ. అది ఆ తర్వాతి అధ్యాయం.

చదవడం ముగిసేసరికి పక్కింటి కర్స్టీ గుడ్ల బుట్టతో నేరుగా లోపలికి వచ్చేసింది. ఆ ఊళ్లో తలుపు కొట్టే అలవాటు ఎవరికీ లేదు.

"మా కోళ్లకి పిచ్చెక్కిందే ఎఫీ, ఒకటే పెట్టడం. ఎలా ఉన్నారు మీరిద్దరూ?"

"బాగానే ఉన్నాం."

"మీ ఆయనకున్న విశ్వాసంలో నాకు సగముంటే చాలు. సరే, పొయ్యి మీద కెటిల్ పెట్టొచ్చాను. బుట్టకి మళ్లీ వస్తాలే."

ఆమె వెళ్లాక ఎఫీ తలుపు వేసి వచ్చింది.

"రెండు పుటలు కలిపి తిప్పావు" అంది.

"అంటుకుని ఉంటాయి."

"మీ నాన్న నీ చేతికిచ్చిన గ్రంథం అది. ఇన్నేళ్లూ అంటుకోనివి ఇవాళే అంటుకున్నాయా?"

"జావ చల్లారిపోతోంది, తిను."

"నాకొద్దు. ఆ అధ్యాయం చదువు."

"నువ్వు తట్టుకోలేవని..."

"నా సంగతి నీకేం తెలుసు? కొడుకుని పూడ్చిపెట్టి వచ్చిన మర్నాడు పొద్దున్నే, ఆపిన చోటి నుంచి మొదలుపెట్టావు. వాడి పేరైనా ఎత్తలేదు. అప్పట్నుంచీ నేను గోడలతో కాపురం చేస్తున్నాను."

"నేను చదవలేను ఎఫీ."

"సంఘ పెద్దవి. ఎవరింట్లో ఏం జరిగినా వెళ్లి ఓదారుస్తావు. నాకొక్క అధ్యాయం చదవలేవా?"

ఎఫీ గ్రంథం తనవైపు లాక్కుంది. ఆ ఇంట్లో ఆడది గ్రంథం పట్టి చదవడం అదే మొదలు. తడబడుతూనే చదివింది. ప్రవక్త తలుపు వేసుకుని పిల్లవాడి మీద పడుకుని, వాడి నోటికి తన నోరు, వాడి చేతులకు తన చేతులు ఆనించాడు. చల్లబడిన ఒళ్లు వెచ్చబడింది.

"ఆపు" అన్నాడు టోర్కిల్. "అది నేను కూడా చేశాను."

ఎఫీ తలెత్తింది.

"ఆ రోజు నర్సు కారు వస్తోందేమోనని నువ్వు రోడ్డు మీదికి వెళ్లావు. నువ్వటు వెళ్లగానే వాడి ఊపిరి ఆగిపోయింది. తలుపు గడియ పెట్టి వాడి మీద పడుకున్నాను. అందులో ఎలా ఉందో అలాగే. లేస్తాడనుకున్నాను. నిజంగా అనుకున్నాను ఎఫీ. నీ అడుగుల చప్పుడు వినపడేదాకా అలాగే ఉన్నాను." కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఆ తల్లికి ఇచ్చినవాడు మనకెందుకివ్వలేదు? నేనెవర్ని అడగను? ఊళ్లో వాళ్లందరూ వచ్చి నన్నే అడుగుతారాయె."

ఎఫీ గ్రంథం పక్కకు జరిపింది. నెలల తరబడి ఎవరికీ చెప్పుకోలేక లోలోపల దాచుకున్న మాట బయటపెట్టింది.

"నేనొచ్చి చెయ్యేస్తే వాడి గుండె వెచ్చగా ఉంది, టోర్కిల్. నేనే వాడి కళ్లు మూశాను. ప్రాణం ఉండగానే మూశానేమోనని, ఇంకాస్త కేకలేసి ఎవర్నైనా పిలవాల్సిందని ఇన్నాళ్లూ..."

"లేదు. అప్పటికే పోయాడు."

"మరి ఆ వెచ్చదనం?"

అతను తన అరచేతుల వంక చూసుకున్నాడు.

"నాది" అన్నాడు.

ఎఫీ లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఇన్నాళ్లూ ఎవరూ కూర్చోని నీల్ కుర్చీలో, అతని పక్కన కూర్చుంది. దేవుడు తమకెందుకివ్వలేదో ఆమెకూ తెలియదు. అతని చేతులు రెండూ తన ఒళ్లోకి తీసుకుంది. నీల్ పోయాక వాళ్లిద్దరూ కలిసి ఏడవడం అదే మొదటిసారి. తర్వాత ఆమె మిగతా అధ్యాయం కూడా చదివింది. అందులో పిల్లవాడు లేచి కూర్చున్నాడు. టోర్కిల్ చివరిదాకా విన్నాడు.

జావ గట్టిపడిపోయింది. ఎఫీ మళ్లీ వేడి చేస్తుండగా కర్స్టీ బుట్ట కోసం వచ్చి, ఇద్దరి కళ్లూ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"అంతా బాగానే ఉందా ఎఫీ?"

"బాగాలేం కర్స్టీ" అంది ఎఫీ. "లోపలికి రా, కూర్చో."