ఒక్కరూ మానలేదు

పొద్దున ఎనిమిదింటికే చెల్లెలు భోజనాల బల్ల దగ్గర కూర్చుని అక్క కోటు చేతులు కురచ చేస్తోంది. పదకొండింటికి సభ. విశ్వవిద్యాలయంలో స్త్రీల ఆరోగ్య విభాగానికి ఇంకో ఐదేళ్ళు పరిశోధన నిధులు వచ్చాయి. విభాగాధిపతి అక్కే కాబట్టి పొగడ్తలన్నీ ఆవిడకే. చెల్లెలిది బట్టలు కుట్టే దుకాణం, రెండు వీధుల అవతల కాపురం. అక్కకి ఏ సభ ఉన్నా సూదీ దారం పట్టుకుని పుట్టింటికి పరిగెత్తుకొస్తుంది.

అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, విభాగం వాళ్ళు అచ్చువేసిన విజయాల పుస్తకం పైకి చదువుతోంది. పెద్దకూతురి పేరు వచ్చిన చోటల్లా రెండుసార్లు చదువుతుంది. చిన్నకూతురి పేరు పుస్తకాల్లోకి ఎక్కేది కాదు గనక ఆ శ్రమ లేదు.

"గర్భసంచిలో గడ్డలకి కొత్త మాత్ర. ఏడాదిపాటు వాడిన నూట ఇరవై మంది స్త్రీలలో ఒక్కరు కూడా మధ్యలో మానలేదు. ఒక్కరికీ ఆపరేషన్ అవసరం పడలేదు," అని చదివి, ఎంత నమ్మకమో చూడండర్రా అని అమ్మ మురిసిపోయింది.

చెల్లెలి చేతిలో సూది ఆగింది. ఆ నూట ఇరవై మందిలో తను నలభై ఒకటో మనిషి.

నిరుడు మనుషులు చాలక అక్క తంటాలు పడుతుంటే, నాకూ గడ్డలున్నాయిగా అని తనంతట తనే చేరింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు గానీ, ఆమె ఆ చెట్టునే నమ్ముకుంది. నెలనెలా ఆస్పత్రిలో కూర్చోబెట్టి అడగాల్సిన ప్రశ్నలకి అక్క ఇంట్లోనే కాఫీ తాగుతూ జవాబులు రాసేసుకునేది. చెల్లెలి సంగతి నాకు తెలియనిదా అని ధీమా. ఆరో నెలలో రక్తం విపరీతంగా పోతోంది, మానేస్తానంటే, ఓర్చుకోవే, సర్దుకుంటుంది అంది అక్క. ఏడాది తిరిగాక గర్భసంచి తీసేశారు. పెళ్ళయి మూడేళ్ళే. పిల్లల ఆశ ఆ రోజుతో సరి.

"నాకు తీసేశారు కదక్కా. మరి ఒక్కరికీ అవసరం పడలేదని ఎలా రాశావు?"

అక్క గడియారం చూసుకుంది. "నీది పరిశోధన ముగిసిన తొమ్మిది రోజులకి జరిగింది. అది ఇందులోకి రాదు."

"చెయ్యాలన్నది అది ముగియకముందే. అన్నాళ్ళు ఆగమన్నది నువ్వే. ఆపరేషన్ చేసే డాక్టరు ఊళ్ళో లేడన్నావు."

డాక్టరు ఊళ్ళోనే ఉన్నాడు. అక్క ఆ మాట అనలేదు, మొహం అనేసింది. తరవాత ఆవిడ పాఠం చెప్పినట్టు చెప్పుకొచ్చింది. ఆ రెండు వాక్యాలు చూసే నిధులిచ్చారు, వాటి మీద పన్నెండు మంది బతుకుతున్నారు, రేపు ఈ మాత్రతో వేలమందికి మేలు జరుగుతుంది.

"నూట ఇరవైలో నువ్వొక్కదానివి. నీ ఒక్కదాని గురించి రాస్తే అంతా పోతుంది."

అమ్మ మధ్యలోకి వచ్చింది. "అయిందేదో అయింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందే తల్లీ."

"నాది చించేశారుగా అమ్మా. పడాల్సింది పడిపోయింది."

అమ్మ పుస్తకం మూసేసింది. చెల్లెలు కోటు పక్కన పెట్టి అక్క ఎదురుగా జరిగింది.

"డాక్టరుగా చెప్పు. ఆరో నెలలో మాత్రలు మానేసి, గడ్డలు మాత్రం తీయించుకుంటే నా సంచి మిగిలేదా?"

ఇలాంటి ప్రశ్నకి తప్పించుకునే జవాబులు అక్క దగ్గర కోకొల్లలు. చెల్లెలి మొహం చూస్తుంటే వాటిలో ఒక్కటీ నోటికి రాలేదు.

"మిగిలేది," అంది.

చెల్లెలు ఏడవలేదు. మానతానన్నానని నిధులిచ్చినవాళ్ళకి చెప్పు, నాకింకేం వద్దు అంది. సభ అయ్యాక చెబుతానంది అక్క.

"సభ అయ్యాక నీకు గుర్తుండదు."

మిగిలేది అని తన నోటితోనే అన్నాక అక్కకి ఇంక బుకాయించే ఓపిక లేకపోయింది. ఫోను తీసి నిధులిచ్చే సంస్థ అధికారికి చేసింది. పుస్తకంలో ఉన్నది అబద్ధమనీ, ఒక మనిషి మానతానంటే తనే ఆపిందనీ, ఆమె తన చెల్లెలేననీ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. అవతలాయన ఆ చెల్లెలితోనే మాట్లాడతానన్నాడు. అక్క ఫోను బయటికి వినిపించేలా పెట్టి చెల్లెలి చేతికిచ్చింది.

"మానతానని ఎన్నిసార్లు అడిగారమ్మా?"

"మూడుసార్లండీ."

అక్క తలెత్తి చూసింది. మొదటిసారి ఈ బల్ల దగ్గరే అడిగానంది చెల్లెలు. రెండోసారి దుకాణంలో కళ్ళు తిరిగి పడిపోయిన రోజున, ఫోన్లో. మూడోసారి అక్క ఆఫీసు గది బయట గంటన్నర కూర్చుని. "లోపలికి పిలిచింది. కాగితాల్లోంచి తలెత్తకుండానే, ఇంకో రెండు నెలలేగా అంది. సరేనని వచ్చేశాను."

అక్క ఎంత వెతుక్కున్నా ఆ చివరి రెండుసార్లు గుర్తుకు రాలేదు. నిధులు పోతాయన్నప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. చెల్లెలి ఒళ్ళో తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. చెల్లెలు ఒక చెయ్యి ఆ తల మీద వేసి, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని, ఆయన అడిగినవాటికి తేదీలతో సహా చెబుతూనే ఉంది.