మూడో అంతస్తులో పియానో

ఆ బిల్డింగ్‌లో మూడో అంతస్తు చివరి వాటాకి మంచి పేరు లేదు. ఒంటరిగా ఉండే ముసలావిడ అందులోనే పోయింది. ఆ తర్వాత ఎవరూ అద్దెకి దిగలేదు. లోపల సామాను లేదు, కరెంటు లేదు. అయినా రాత్రయ్యాక అందులోంచి పియానో వినిపిస్తుందని చెప్పుకునేవారు.

పియానో! బిల్డింగంతా గాలించినా ఓ హార్మోనియం పెట్టె దొరకదు, పియానో ఎక్కడిది?

ఇస్త్రీ ఆవిడ బట్టలిచ్చి వస్తూ విన్నదట. ఎవరో కుంటుకుంటూ నడుస్తున్నట్టు ఉందట ఆ పాట – మధ్యమధ్య స్వరాలు రాలిపోతూ... ఆవిడ మెట్లు దిగలేదు, దొర్లింది. వాచ్‌మన్ అయితే, "దెయ్యాలూ లేవు, గియ్యాలూ లేవు" అంటూనే రెండో అంతస్తు దాటడం మానేశాడు.

ఐదో అంతస్తులో ఉండే ఆమె చెవిన మాత్రం ఇదేదీ పడలేదు. కట్టుడు పళ్ళ సెట్లు చేసే ల్యాబ్‌లో ఆమె పని. పొద్దుపోయాక వచ్చి, లిఫ్టెక్కి నేరుగా పైకి పోయేది. భర్త యాక్సిడెంటులో పోయి ఏడాది కావస్తోంది. అప్పట్నుంచి ఎవరితోనూ మాట కలపలేదు.

ఇంట్లో ఆమె, మామగారు. ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు.

"కూర సరిపోయిందా మామయ్యా?"

"సరిపోయిందమ్మా."

అంతకు మించి మాటల్లేవు. పోయినవాడి ఊసు ఇద్దరూ ఎత్తరు. ఎత్తితే ఎదుటి మనిషి ఎక్కడ కూలిపోతారోనని ఒకరి గురించి ఒకరికి భయం.

ఆ రాత్రి ల్యాబ్‌లో పని ఎక్కువై మరీ ఆలస్యంగా వచ్చేసరికి లిఫ్ట్ పాడైంది. ఫోను లైటు వేసుకుని మెట్లెక్కుతూ, మూడో అంతస్తు దగ్గర ఆయాసం తీర్చుకోవడానికి ఆగింది.

టింగ్... టింగ్ టింగ్...

చెయ్యి రెయిలింగు మీదే బిగుసుకుపోయింది.

ఆ పాట ఆమెకి తెలుసు.

భర్త సాయంత్రం ఇంటికి రాగానే చొక్కా అయినా మార్చకుండా ట్యాబ్ ముందేసుకుని కూర్చునేవాడు. అదో గేమ్. పైనుంచి నల్లటి పలకలు జారుతుంటాయి. గీత దగ్గరికి రాగానే వేలితో తట్టాలి. తడితే స్వరం పలుకుతుంది, తప్పితే పాటలో అక్కడ గొయ్యి పడుతుంది. ఎక్కువ తప్పితే ఆట ఆగిపోతుంది. అన్నీ ఎప్పటివో పాత పియానో పాటలు. వాటిలో ఒక్క పాట దగ్గరే ఆయన చిక్కుపడిపోయాడు. సగంలో ఒకచోట పలకలు జల్లులా కురుస్తాయి. అక్కడికి రాగానే వేళ్ళు తడబడేవి. "పోయిందే!" అని నవ్వి, మళ్ళీ మొదటికొచ్చేవాడు. వంటింట్లో ఆమెకి రోజూ ఆ సగం పాటే.

ఆయన పోయాక ఆ ట్యాబ్‌ని తనే బట్టల పెట్టెలో పెట్టింది. కొన్నాళ్ళకి మనసాగక వెతికితే కనిపించలేదు. పంచిపెట్టిన ఆయన బట్టలతో పాటే పోయిందనుకుంది.

టింగ్ టింగ్... పాట జల్లు దగ్గరికి వచ్చింది. తడబడింది.

ఆగిపోయింది.

సరిగ్గా అక్కడే...

ఒక్క క్షణం నిశ్శబ్దం. మళ్ళీ మొదట్నుంచి.

పాట వస్తున్న చివరి వాటా వైపు నడిచింది. 'ఆయనే అయ్యుండాలి' అనుకుంది. 'దెయ్యమైనా సరే... ఆయనే అయ్యుండాలి.'

తలుపు ఓరగా తెరిచి ఉంది. తోసింది. లోపలంతా చీకటి. వెనకగది గోడ మీద మాత్రం నీలంగా, పల్చగా ఓ వెలుతురు కదులుతోంది.

"ఏమండీ..." అంది గుసగుసగా.

టక్కున పాట ఆగింది. వెలుతురు ఆరిపోయింది. చీకట్లో ఎవరిదో ఊపిరి...

"మీరేనా?"

ఎవరో గొంతు సవరించుకున్నారు.

"నేనమ్మా... మామయ్యని."

దెయ్యం కాదని తేలితే ఎవరైనా హమ్మయ్య అనుకుంటారు. ఆమెకి మాత్రం పోయిన మనిషి ఇంకోసారి పోయినట్టయింది. ఉన్నచోటే చతికిలబడింది.

ట్యాబ్ మళ్ళీ వెలిగింది. పాత పేపరు పరుచుకుని కూర్చుని ఉన్నాడాయన. అద్దెకొచ్చేవాళ్ళకి చూపించమని ఓనరు తాళాలు ఆయన దగ్గరే ఉంచాడు. తిన్నాక నడిచొస్తానని రోజూ వెళ్ళేది ఇక్కడికేనన్నమాట.

"పెట్టెలోంచి నేనే తీశాను. ఇంట్లో ఆడితే నీకు వినిపిస్తుంది కదా... బాధపడతావని." తల దించుకున్నాడు. "ఇందాక నువ్వు 'ఏమండీ' అన్నావు చూడు... వాడొచ్చి నా పక్కన కూర్చున్నాడేమోనని తిరిగి చూశానమ్మా."

ఆమె ట్యాబ్ వైపు చూసింది.

"ఆ జల్లు దగ్గర నా వేళ్ళు సాగట్లేదు," అన్నాడు చేతులు చూసుకుంటూ. "స్టీరింగు పట్టిన వేళ్ళు."

"ఆయనకీ సాగేవి కాదు మామయ్యా."

"వాడికీనా? రోజూ ఆడేవాడుగా!"

"రోజూ అక్కడే పోయేది."

ఆయనకి నవ్వొచ్చింది. ఏడాదిలో మొదటిసారి.

ఆమె దగ్గరికి జరిగింది. "కుడివైపు మీరు చూసుకోండి. ఎడమవైపు నాకొదిలేయండి." మైనంలో పళ్ళు వరసగా నిలబెట్టే వేళ్ళు ఆమెవి. మొదటిసారి పోయింది. ఆ తర్వాతా పోయింది. పోయిన ప్రతిసారీ ఆయన "ఊఁ, మళ్ళీ" అన్నాడు. చివరికోసారి జల్లు కురిసింది... కురిసి, దాటిపోయింది.

ఆపైన ఉన్నది ఆ ఇంట్లో ఎవరూ వినని పాట. ఎంత హోరుగా ముగుస్తుందోననుకుంది ఆమె. అది నెమ్మదించింది, ఇంకా నెమ్మదించింది. మెత్తగా రెండు స్వరాలు పలికి ఊరుకుంది.

"అంతేనా?" అన్నాడాయన.

"అంతే మామయ్యా."

"వాడు ఇది విననేలేదన్నమాట."

ట్యాబ్‌ని జాగ్రత్తగా కింద పెట్టి, కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కొడుకుని తీసుకెళ్ళిన రోజు కూడా గొంతెత్తని మనిషి, ఆ ఖాళీ గదిలో బావురుమన్నాడు. ఊరుకోమని ఆమె అనలేదు. అనడానికి ఆమె ఏడుపే ఆగడం లేదు.

తలుపు తెరిచే ఉంది. ఎవరికి వినిపిస్తుందోనని ఇద్దరిలో ఒక్కరూ అటు చూడలేదు.