అవ్వ దగ్గర ఎవరుంటారు?

తెల్లవారగానే అమ్మణి అత్తగారిని లేపి కూర్చోబెట్టి గంజి తాగించింది. పక్షవాతంతో కుడివైపంతా పడిపోయినప్పటి నుంచి అంజలైకి ప్రతిదానికీ మనిషి తోడు కావాలి. ఆ పనీ వంటా ముగించుకుని అమ్మణి మైలాపూరుకు పోవాలి. అక్కడొక బడిలో ఆయాగా చేస్తుంది. భర్త జయరామ్ చూలైలోని తమ ఇంటి కిందే లేత్ షెడ్డు నడుపుతాడు.

చీర కుచ్చిళ్ళు సర్దుకుంటుంటే ఫోన్ మోగింది.

"అమ్మా, ట్రస్టు నుంచి సునయనని." కూతురు జనని ఇంజనీరింగ్ ఫీజు కడుతున్నది ఆ ట్రస్టే. "మీ పాప నెల రోజులుగా కాలేజీకే రావడం లేదట. హాజరు ఇలాగే ఉంటే వచ్చే ఏడు స్కాలర్‌షిప్ ఇవ్వడం కుదరదు. ఇంట్లో ఏమైనా ఇబ్బందా?"

కనుక్కుని చెబుతానని ఫోన్ పెట్టేసి, అమ్మణి గోడకు చేరగిలబడింది. కోప్పడేందుకు కూడా ఒంట్లో ఓపిక లేదు.

"కాలేజీకని చెప్పి యాడికి పోతా ఉండావే?" అని కూతుర్ని అడిగింది.

జనని తల దించుకుంది. "యాడికీ పోలేదుమా. ఈడనే ఉండా. అమ్ములు ఆంటీ రావడం మానేసి నెలయింది. వాళ్ళ కూతురికి కాన్పు. పావం, ఆమె మాత్రం ఏం చేస్తాది? అవ్వ దగ్గర నేనే కూర్చుంటా ఉండా."

పగలు పక్కింటి అమ్ములు అత్తను చూసుకుంటోందనే అమ్మణి ధీమా.

"నాకెందుకు చెప్పలా?"

"చెప్తే పని మానేస్తావు. లేకుంటే రాత్రంతా మేలుకొని చేస్తావు. పోయిన వారం పొయ్యి ముందర నిలబడే నిద్రపోయినావు. పాలు పొంగి కాలి మీద పడితేగానీ మెలకువ రాలా."

"ఆ స్కాలర్‌షిప్ పోతే నిన్ను చదివించే తాహతు మనకుందా?"

"నువ్వు పడిపోతే నిన్ను ఏ ట్రస్టు తెచ్చిస్తాదిమా?"

కాఫీ కోసం పైకి వచ్చిన జయరామ్ గుమ్మంలోనే ఆగిపోయాడు. అమ్మణి చూపు అతని మీదికి తిరిగింది.

"మధ్యాన్నం తిండికి వస్తావు గదా. పాప ఇంట్లో ఉండేది చూళ్ళేదా?"

"సెలవనుకున్నా."

"దినామూ సెలవేనా?"

అతను నసిగాడు. "ఆడవాళ్ళ పని, నాకెట్లా చేతనైతాది? అమ్మకీ సిగ్గుగా ఉంటాది గదా."

మంచం మీది నుంచి అంజలై మాటలు ముద్దముద్దగా వినిపించాయి. "నీకు ముడ్డి కడిగినప్పుడు నేను సిగ్గుపడ్నారా?"

జయరామ్ కాఫీ తాగకుండానే తల్లి పక్కన కూలబడ్డాడు. ఆమె పనిచేయని చేతిని ఒళ్ళోకి తీసుకున్నాడు.

"కాలేజీకి పో, జననీ," అన్నాడు కూతురి వైపు చూడకుండానే. "అవ్వ దగ్గర నేనుంటా."

అమ్మణి సునయనకు ఉన్నదున్నట్టు చెప్పింది. "ముందే చెప్పుంటే బాగుండేది. ఇకనైనా మానకుండా పంపండి, నేను పైవాళ్ళతో మాట్లాడతాను," అంది సునయన. మాట మాత్రం ఇవ్వలేదు.

మరునాడు జనని వెళ్ళాక అమ్మణి కూడా బయల్దేరింది. మెట్ల దగ్గర వెనక్కి తిరిగి చూసింది. జయరామ్ గ్రీజు మరకల వేళ్ళతో తల్లికి తల దువ్వుతున్నాడు. "మెల్లగా దువ్వరా!" అని అంజలై విసుక్కుంటోంది. దువ్వెన అందుకుందామని అమ్మణి మళ్ళీ ఇంట్లోకి ఒక అడుగు వేసింది.

"నువ్వు పో, నేను చూసుకుంటా," అన్నాడు జయరామ్.

పెళ్ళయిననాటి నుంచి ఆ మాట అతని నోట వినడం అదే మొదలు. అమ్మణి నాలుగు మెట్లు దిగి, కొంగు నోట్లో కుక్కుకుని, తనివితీరా ఏడ్చింది.